తండా బిడ్డల పరిశోధన సర్కారు ఫైలు దాకా చేరాలి

(చేవెళ్ల, మొయినాబాద్ మండలాల గిరిజన యువ పరిశోధకులకు నాయకత్వ శిక్షణ తరగతులు మొదలైన సందర్భంగా సంఘం తరఫున చేసిన ప్రసంగం)

జై సేవాలాల్!



ఈ తరగతులకు పరిశోధకుల నాయకత్వ శిక్షణ అని పేరు పెట్టాం. పేరు విని కొందరు పెద్దలు మమ్మల్ని అడిగారు. పరిశోధన అంటే యూనివర్సిటీ సంగతి, నాయకత్వం అంటే సర్పంచులు, ఎమ్మెల్యేల సంగతి, ఈ రెండింటినీ ఎందుకు కలిపారు అని. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు.

మన తండాల నుంచి ఇవాళ పీజీలు, పీహెచ్‌డీలు చేసే పిల్లలు వస్తున్నారు. పరిశోధన చేసే గిరిజన విద్యార్థులకు కేంద్రం ఏటా 750 జాతీయ ఫెలోషిప్పులు ఇస్తోంది. విదేశాల్లో చదవడానికి ఏటా 20 మందికి సాయం చేస్తోంది. చదువు పెరిగింది, థీసిస్‌లు పెరిగాయి. కానీ థీసిస్ రాసింది ఏ తండా గురించో ఆ తండాకు అది తెలియదు. ఆ తండా మీద సంతకం పెట్టే అధికారికీ తెలియదు. పట్టా వచ్చాక పుస్తకం లైబ్రరీ అల్మారాలో పడుకుంటుంది.

మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. మన గురించిన నిజాన్ని మనమే లెక్కగట్టాలి. నిర్ణయం జరిగే గదిలోకి దాన్ని చేర్చాలి. నిర్ణయం అయిపోయాక కాదు, కాకముందే చేర్చాలి. ఈ పని చేయగలిగినవాళ్లనే మేము పరిశోధక నాయకులు అంటున్నాం.

లెక్కలోకి రావడం

1976 అనే సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోండి. ఆ ఏడాది పార్లమెంటు షెడ్యూల్డ్ కులాలు, తెగల ఉత్తర్వుల సవరణ చట్టం చేసింది. అది 108వ నంబరు చట్టం. 1977 జులైలో అమలులోకి వచ్చింది. తెలంగాణ లంబాడీలు ఎస్టీ జాబితాలోకి వచ్చింది దీంతోనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971 జనగణనలో గిరిజనులు సుమారు 16.5 లక్షలు. 1981లో 31.7 లక్షలు. పదేళ్లలో జనం రెట్టింపు కాలేదు. అంతకుముందు కూడా ఉన్నవాళ్లే లెక్కలోకి వచ్చారు. హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్, ఉద్యోగం, రిజర్వుడ్ సీటు అన్నీ ఆ లెక్క వెనకే వచ్చాయి.

అదే 1976లో అమెరికాలోనూ ఇలాంటిదే జరిగింది. అక్కడ మెక్సికో, ప్యూర్టోరికో, క్యూబా వంటి చోట్ల మూలాలున్నవాళ్లను లాటినోలు అంటారు. తరతరాలుగా తోటల్లో కూలి చేసిన కుటుంబాలు వాళ్లలో చాలా ఉన్నాయి. ప్రభుత్వ గణాంకాల్లో వాళ్ల పరిస్థితి విడిగా కనిపించేది కాదు. కాలిఫోర్నియా నుంచి గెలిచిన ఎడ్వర్డ్ రోయ్‌బల్ అనే సభ్యుడు పట్టుబట్టి ఒక తీర్మానం తెచ్చారు. స్పానిష్ మూలాలున్న పౌరుల ఆర్థిక, సామాజిక లెక్కలు ప్రభుత్వం సేకరించాలని అది చట్టమైంది. 1980 జనగణనలో ఆ ప్రశ్నను దేశమంతా అడిగారు. 2020 నాటికి వాళ్ల సంఖ్య 6.2 కోట్లు అని తేలింది.

లెక్కతోనే వాళ్లు ఆగలేదు. 1978లో అక్కడి లాటినో ప్రజాప్రతినిధులు ఒక సంస్థ పెట్టి, చదువుకున్న యువతకు కాంగ్రెస్ కార్యాలయాల్లో పని నేర్పించడం మొదలుపెట్టారు. 1983లో కొన్ని విశ్వవిద్యాలయాల లాటినో పరిశోధన కేంద్రాలు కలిసి ఒక ఉమ్మడి వేదికగా ఏర్పడ్డాయి. పరిశోధన చేసేవాడికి చట్టం ఎలా తయారవుతుందో తెలియాలి, చట్టం చేసేవాడి బల్ల మీదికి పరిశోధన చేరాలి అన్నదే ఆ ప్రయత్నాల సారం. వాళ్ల కష్టాలు వేరు, మన కష్టాలు వేరు. ఆ పద్ధతి మాత్రం మనకు పనికొస్తుంది.

మన లెక్క ఇంకా పూర్తి కాలేదు. 2011 జనగణనలో దేశం మొత్తం మీద 32 లక్షలకు పైగా జనం తమ తల్లిభాష లమాణి లేదా లంబాడీ అని చెప్పారు. బంజారీ అని చెప్పినవాళ్లు ఇంకో 15 లక్షల పైన ఉన్నారు. ఇంతమందినీ ప్రభుత్వ పట్టికల్లో హిందీ కింద కలిపేశారు. మన గోర్ బోలీకి ఎనిమిదో షెడ్యూలులో చోటు లేదు. ఒకటో తరగతిలో తెలుగు రాక నోరు మూసుకుని కూర్చునే తండా పిల్లాడి బాధ ఏ పట్టికలోనూ కనిపించదు. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా తీసుకుని వచ్చే జనగణన జరుగుతుంది. పనికోసం ముంబయి, పుణె పోయిన మన కుటుంబాలు ఆ రోజుల్లో ఎక్కడ ఉంటాయి? వాళ్లను ఎవరు రాయిస్తారు? ఇల్లు తాళం వేసి ఉంటే తండా జనాభా తగ్గినట్టే కదా.

ఆ తగ్గుదల ఎంత నష్టమో పంచాయతీల విషయంలో చూశాం. మా తండాలో మా రాజ్యం అని ఎన్నో ఏళ్లు కొట్లాడితే 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా దాటిన తండాలు గ్రామపంచాయతీలయ్యాయి. వెయ్యికి పైగా తండాలకు, గూడేలకు సొంత సర్పంచు వచ్చాడు. పది మంది తక్కువైతే పక్క ఊరి వెనకాల నిలబడాల్సిందే. లెక్క తప్పితే రాజ్యమే తప్పుతుంది.

మన మీద రాసినవాళ్లు, మనలోంచి రాసినవాళ్లు

పరిశోధన వల్ల చట్టం మారుతుందా అని అనుమానం ఉన్నవాళ్లు మన గడ్డ చరిత్రే చూడండి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్ అమరుడయ్యాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం సర్కారు అనుకుంది. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్తకు ఆ పని అప్పజెప్పింది. ఆయన మార్లవాయిలో గోండుల మధ్య ఉండి నివేదికలు రాశారు. గోండీలో చదువు చెప్పే బడులు, గిరిజన గురువులకు శిక్షణ, భూమి పట్టాలు, గిరిజన ప్రాంతాల రక్షణ చట్టం ఆ దారిలోనే వచ్చాయి. భీమ్ పోరాటం లేకపోతే నిజాం కదిలేవాడు కాదు. నివేదిక లేకపోతే ఆ కదలిక కాగితం మీదికి వచ్చేది కాదు. రెండూ కావలసి వచ్చాయి.

అయితే అప్పుడు మన తరఫున రాయడానికి ఎక్కడో దేశం నుంచి ఒక మనిషి రావాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ అవసరం లేదు. మన బంజారా బిడ్డ ప్రొఫెసర్ భంగ్యా భూక్యా ఇంగ్లండ్‌లోని వార్విక్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి, నిజాం పాలనలో లంబాడీల చరిత్రను పుస్తకంగా తెచ్చారు. ఎడ్ల బిడారుల మీద ఉప్పు, ధాన్యం మోసి దేశానికి తిండి పెట్టిన జాతి బతుకుదెరువు ఎలా పోగొట్టుకుంది, నేరస్తుల జాతి అన్న ముద్ర ఎలా పడింది అన్నది ఆయన పాత దస్తావేజులతో చూపించారు. మన తాతలు చెప్పిన కథకు కాగితం సాక్ష్యం దొరికింది. సాక్ష్యం ఉన్న కథను ఎవరూ కొట్టిపారేయలేరు.

ఇంకొక సంగతి, ఓపిక గురించి. గిరిజనుల స్థితిగతుల మీద తెలంగాణ ప్రభుత్వం 2015లో చెల్లప్ప కమిషన్‌ను వేసింది. కమిషన్ జిల్లాలు తిరిగింది, నివేదిక ఇచ్చింది. 2017 ఏప్రిల్‌లో అసెంబ్లీలో బిల్లు అయింది. ఎస్టీలకు 6 శాతం ఉన్న రిజర్వేషన్ 10 శాతం చేస్తూ జీవో వచ్చింది మాత్రం 2022 సెప్టెంబరు 30న. కమిషన్ వేసిన నాటి నుంచి ఏడేళ్లు. 2011 లెక్కల ప్రకారం రాష్ట్రంలో గిరిజనులు 9 శాతానికి పైగా ఉన్నారన్న అంకె ఆ ఏడేళ్లూ మన చేతిలో ఉంది కాబట్టే వాదన నిలబడింది. నినాదం ఒక్కరోజు వినిపిస్తుంది, అంకె ఏడేళ్లు నిలుస్తుంది.

మన ఊళ్లలో తెరిచి ఉన్న ఫైళ్లు

ఇప్పుడు చేవెళ్ల, మొయినాబాద్ సంగతికి వద్దాం. ముందు ఒక విషయం తెలుసుకోవాలి. ఆదిలాబాద్, భద్రాచలం వంటి చోట్ల ఐదో షెడ్యూలు ఉంది, 1/70 చట్టం ఉంది, పెసా ఉంది, ఐటీడీఏ ఉంది. మనది మైదాన ప్రాంతం. అవేవీ మనకు వర్తించవు. మన పిల్లలు చాలామంది 1/70 మన భూముల్ని కాపాడుతుందని అనుకుంటారు. కాపాడదు. మనకు ఉన్నవి వేరు. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం, 1989 అత్యాచారాల నిరోధక చట్టం, 2017 ఎస్సీ ఎస్టీ ప్రత్యేక ప్రగతి నిధి చట్టం, 2005 సమాచార హక్కు చట్టం. ఏ పనిముట్టు మన చేతిలో ఉందో తెలియకుండా పనికి దిగితే మన చేయే తెగుతుంది.

ఒకటో ఫైలు మున్సిపాలిటీ. 2025 జనవరిలో చేవెళ్ల, మొయినాబాద్ మున్సిపాలిటీలయ్యాయి. వీధి దీపాలు, రోడ్లు వస్తాయి, మంచిదే. కానీ ఉపాధి హామీ పని గ్రామాలకే. మున్సిపాలిటీలో కలిసిన చోట ఆ పని ఉండదు. సర్పంచు పోయి వార్డు కౌన్సిలర్ వస్తాడు. ఇంటి పన్ను మారుతుంది. కలిసిన ఊళ్లలో, శివారు తండాల్లో ఎన్ని కుటుంబాలు జాబ్ కార్డు మీద బతికేవి? ఏడాదిలో ఎన్ని రోజుల కూలి పోయింది? దాని బదులు పూలతోటల్లో, ఫామ్‌హౌసుల్లో, కట్టడాల దగ్గర ఎంత దొరుకుతోంది? ఆడవాళ్లకు ఎంత, మగవాళ్లకు ఎంత? రెండు నెలలు తిరిగితే చెప్పగల లెక్క ఇది. రేపు పట్టణ పేదలకు పని చూపించండి అని అడగాలంటే ఈ లెక్కే ఆధారం.

రెండో ఫైలు భూమి. హైదరాబాద్‌కు నీళ్లిచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల కోసం 1996 మార్చి 8న 111 జీవో వచ్చింది. చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దులు పెట్టింది. 2022 ఏప్రిల్‌లో 69 జీవో ఆ ఆంక్షలు ఎత్తివేస్తున్నట్టు చెప్పింది. గమనించండి, 111 జీవో వెనక శాస్త్రీయ అధ్యయనం ఉంది. ఒక అధ్యయనం 84 ఊళ్ల గతిని పాతికేళ్లకు పైగా నడిపింది! ఆ జీవో ఉండాలా పోవాలా అన్నది ఈ వేదిక మీద తేలేది కాదు, జలాశయాలు కూడా బతకాలి. మన ప్రశ్న వేరు. భూమి ధర పెరిగిన ప్రతిసారీ మొదట చేయి జారేది పేదవాడి అసైన్డ్ భూమే. మన తాతలకు ఎన్ని ఎకరాలు ఇచ్చారు, ఇప్పుడు సాగులో ఎవరున్నారు, కాగితం మీద ఎవరి పేరుంది? ధరణి పోయి 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. రికార్డులు మారే సమయంలో సాక్ష్యం ఉన్నవాడి మాట నిలుస్తుంది, లేనివాడు ఆఫీసు గడప దగ్గరే నిలుస్తాడు.

మూడో ఫైలు మనం రోజూ తిరిగే బీజాపూర్ రోడ్డు. అప్పా కూడలి నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు వెడల్పు చేసే ప్రణాళికలో తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లకు ముప్పు వచ్చింది. నగరం నుంచి కొందరు ప్రకృతి ప్రేమికులు వచ్చి ఒక్కో చెట్టునూ లెక్కపెట్టారు. ఎక్కడ ఉందో గుర్తించారు, ఫొటో తీశారు, ఆ జాబితాతో జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు పోయారు. చివరికి చాలా చెట్లను ఉన్నచోటే ఉంచేలా ప్రణాళిక మారింది. అదే రోడ్డు మీద 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ గుద్ది 19 మంది చనిపోయారు. ఇరుకు రోడ్డు ఎన్ని ప్రాణాలు తీసిందో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. చెట్లకు లెక్క పెట్టినవాళ్లను మేము తప్పుపట్టం, ఎలా పనిచేయాలో వాళ్ల దగ్గర నేర్చుకోవాలి. కానీ ఆ రోడ్డు మీద తెల్లారి కూలికి పోయేవాళ్లు, కాలేజీకి పోయే ఆడపిల్లలు, రాత్రి ఆటో నడిపేవాళ్లు ఎంతమంది, ఎక్కడ దాటుతారు, ఎక్కడ పడిపోతున్నారు అన్న లెక్క కూడా ఎవరో పెట్టాలి. ఆ ఎవరో మనమే కావాలి.

ఈ తరగతుల్లో ఏం నేర్చుకుంటారు

మొదటిది ప్రశ్న వేయడం. మా తండా వెనుకబడింది అన్నది బాధ, ప్రశ్న కాదు. మా తండాలో పదో తరగతి తర్వాత చదువు ఆపిన ఆడపిల్లలు ఎందరు, అందులో బస్సు లేక ఆపినవారు ఎందరు అన్నది ప్రశ్న. దానికి జవాబు దొరికితే డిపో మేనేజర్‌ను అడగడానికి మాట దొరుకుతుంది.

రెండోది కాగితం సంపాదించడం. సమాచార హక్కు దరఖాస్తుకు మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి అసలు రుసుమే లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్రగతి నిధి కింద మన నియోజకవర్గంలో ఏ శాఖ ఎంత చూపించింది, ఎంత ఖర్చు పెట్టింది అని అడగండి. ఈ చట్టానికి ముందు ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. మాజీ ప్రధాన కార్యదర్శి కాకి మాధవరావు వంటివారు, దళిత గిరిజన సంఘాలు బడ్జెట్ పుస్తకాలు చదివి, మన పేరుతో చూపిన డబ్బు ఎటు పోతోందని నిలదీశాకే ఆ చట్టం వచ్చింది. బడ్జెట్ చదవడం కూడా ఉద్యమమే.

మూడోది ఒక్క పేజీ రాయడం. మూడు వందల పేజీల థీసిస్ కలెక్టర్ చదవడు, చదవలేదని కోపం తెచ్చుకోనక్కర్లేదు. ఒక పేజీలో సమస్య, ఎంతమందికి, ఏ చట్టం ప్రకారం, ఏం చేయాలి, ఎవరు చేయాలి, ఎంత ఖర్చవుతుంది అన్నవి తెలుగులో స్పష్టంగా ఉండాలి. థీసిస్ వెనక జోడించండి. అడిగితే చూపిద్దాం.

నాలుగోది తలుపు, సమయం తెలుసుకోవడం. ఏది గ్రామసభలో తేలుతుంది, ఏది తహసీల్దార్ దగ్గర, ఏది జిల్లా గిరిజన అభివృద్ధి అధికారి దగ్గర, ఏది అసెంబ్లీలో ప్రశ్నగా పోవాలి? బడ్జెట్ ఆమోదం పొందాక ఇచ్చే వినతిపత్రం వచ్చే ఏడాది దాకా బీరువాలోనే ఉంటుంది. హైదరాబాద్‌లో 1963 నుంచి గిరిజన సాంస్కృతిక పరిశోధన, శిక్షణ సంస్థ ఉంది. ఆ గడప తొక్కండి. అక్కడి పాత నివేదికలు చదవండి, మీవి అక్కడ ఇవ్వండి.

ఐదోది నిజాయితీ. ఒక్క అంకె తప్పైతే ఎదుటివాడు మిగతా వంద అంకెల్నీ చెత్తబుట్టలో వేస్తాడు. అలాగే మనకు నచ్చని నిజాలు కూడా రాయాలి. గుడుంబా సంగతి, చిన్న వయసు పెళ్లిళ్ల సంగతి దాచిపెట్టి ప్రభుత్వాన్ని మాత్రమే తిడితే దాన్ని పరిశోధన అనరు. మనకంటే వెనకబడ్డ చెంచులు, మన పక్కనే ఉండే ఎరుకల కుటుంబాలు ఉన్నారు. మన లెక్కలో వాళ్లు కూడా ఉండాలి. వాళ్లను తోసి ముందుకు పోయే నాయకత్వం మనకు వద్దు.

నాయక్ చేసిన పనే

ఇదంతా కొత్త విద్య అని భయపడకండి. బిడారు ముందు నడిచిన నాయక్‌కు నీళ్ల జాడ తెలియాలి, మేత జాడ తెలియాలి, ఏ ఘాట్ దగ్గర ఎంత సుంకమో తెలియాలి. ఎన్ని ఎడ్లు, ఎన్ని బస్తాలు, ఎంతమంది పిల్లలు అన్నది నోటి లెక్కగా ఉండాలి. రాజు దర్బారులో బేరమాడే మాట ఉండాలి. నసాబ్‌లో కూర్చుంటే రెండు వైపులా వినాలి. లెక్క, దారి, మాట, న్యాయం, ఈ నాలుగే ఇప్పుడు మీరు నేర్చుకోబోయేది. ఎడ్లు పోయి ఫైళ్లు వచ్చాయి, అంతే తేడా.

ఒక్క షరతు పెడుతున్నాం. ఏ తండాలో వివరాలు సేకరిస్తారో అక్కడ ముందు పెద్దల్ని, ఆడవాళ్లను అడిగి, ఎందుకో చెప్పి, ఒప్పుకుంటేనే రాయండి. రాసింది ఆఫీసుకు పోకముందే తండా చావిడిలో గోర్ బోలీలో చదివి వినిపించండి. మన యాడీ లేచి అది అట్ల కాదు బేటా అంటే దిద్దుకోండి. మన మీద ఇంతకాలం రాసినవాళ్లలో చాలామంది చేయని పని ఇదే.

తరగతులు అయ్యాక ప్రతి ఇద్దరు కలిసి ఒక తండాను తీసుకోవాలి. ఒక ప్రశ్న, ఒక లెక్క, ఒక పేజీ. తీజ్ పండుగ నాటికి ఆ పేజీలన్నీ సంఘం ముందుకు రావాలి. వాటిని పట్టుకుని మీతో పాటు మేమూ ఆఫీసులకు వస్తాం. గడప దగ్గర ఆపితే కలిసే నిలబడదాం. కొన్ని పనులు ఆరు నెలల్లో అవుతాయి, కొన్నింటికి ఏడేళ్లు పడుతుంది. ఈలోగా మీకు ఉద్యోగాలు వస్తాయి, పెళ్లిళ్లవుతాయి, ఊళ్లు మారుతాయి. అందుకే ప్రతి పేజీ నకలు సంఘం దగ్గర ఉండాలి. మీ తర్వాత వచ్చే చెల్లెలు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టకుండా, మీరు ఆపిన చోటు నుంచి అందుకోవాలి.

అందరికీ శుభాకాంక్షలు. ఇక తరగతిలోకి పోదాం.

జై సేవాలాల్! జై భీమ్!